రోతా ఒక రసమే

పెళ్ళి భోజనంలో నాలుగో బొబ్బట్టు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టించేది వెగటు. ముసురు రోజుల్లో ఆరని బట్టల వాసన మధ్య పుట్టేది చీదర. ఇవి చిన్నాచితకా బాపతు. అసలుది కంపరం. గోడ మీది బల్లి భుజమ్మీద పడ్డప్పుడు ఒళ్ళంతా పాకేది అదే.

బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వేరువేరుగా పట్టికలు వేసి మరీ పంచాంగాలు అచ్చేస్తాయి. పడిన చోటు ధనలాభమే కావచ్చు. అయినా ఆ క్షణాన పంచాంగం కోసం పరుగెత్తిన మహానుభావుడు ఇంతవరకు పుట్టలేదు. ముందు కేక, తర్వాత చొక్కా దులపడం, ఊపిరి కుదుటపడ్డాకే శాస్త్రం.

డార్విన్ అంతటివాడికీ ఇది తప్పలేదు. 1872లో వచ్చిన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. దక్షిణ అమెరికా కొసన టియెర్రా డెల్ ఫ్యూగోలో ఆయన చల్లారిన నిల్వ మాంసం తింటుంటే, అక్కడి మనిషొకడు వేలితో తాకి చూసి, ఆ మెత్తదనానికి మొహం చిట్లించాడట. ఆ చెయ్యి మురికిగా ఏమీ లేదు. అయినా అతను ముట్టుకున్నాడని డార్విన్‌కు రోత పుట్టింది. ముక్క ఒకటే, అసహ్యాలు రెండు!

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ బృందం 1986లో ఇంకో అడుగు ముందుకేసింది. చచ్చిన బొద్దింకను క్రిమిరహితం చేసి, పళ్ళరసంలో ముంచి తీసింది. ప్రమాదం లేదని తెలిసినా ఆ రసం మీద జనానికి మనసు విరిగిపోయింది. మన వంటింట్లోనైతే రసంతో పాటు గ్లాసూ పెరట్లోకి పోయేది. పసివాళ్ళకు మాత్రం ఈ బాధ లేదు. నేల మీద ఏది దొరికినా నోట్లోకే. పెద్దవాళ్ళు పూనుకుని "ఛీ, యాక్!" అని నేర్పాలి.

ఇంత కంపరాన్నీ భరతుడు పారెయ్యలేదు. నాట్యశాస్త్రంలోని ఎనిమిది రసాల్లో శృంగారంతో పాటే బీభత్సానికీ పీట వేశాడు. జుగుప్స దాని స్థాయిభావం, నీలం దాని రంగు, మహాకాలుడు దాని దేవత.

స్వీడన్ వాళ్ళు దీన్ని వ్యాపారం చేశారు. 2018లో మాల్మో నగరంలో రోత పుట్టించే తిండ్లకు మ్యూజియం పెట్టారు. పులిసి కంపుకొట్టే చేపల దగ్గర్నుంచి పురుగుల జున్ను దాకా అన్నీ ఉన్నాయి. చివర్లో రుచి చూసే బల్ల కూడా ఉంది. అక్కడ టికెట్టుగా ఇచ్చేది వాంతి సంచి. అటువైపు వెళ్ళే తెలుగువాళ్ళు ఆ పూట టిఫిన్ మానెయ్యడం మంచిది.