ఊపిరి లేని హ్యాగిస్

అమెరికాలో తుపాకీ కొనుక్కోవచ్చు. డబ్బా మీట నొక్కితే బుస్సుమని బయటికొచ్చే చీజ్ కొనుక్కోవచ్చు. అమోనియా పొగ పట్టించిన గొడ్డుమాంసపు తుక్కును ఖీమాలో కలిపి దర్జాగా అమ్ముకోవచ్చు. పంది పేగులకూ అభ్యంతరం లేదు. గొర్రె ఊపిరితిత్తి ముక్క మాత్రం మనిషి కంచంలో పడటానికి వీల్లేదు. 1971 నుంచి అక్కడి వ్యవసాయ శాఖ శాసనం అది.

కారణం అడిగారా? గొర్రెను కోసేటప్పుడు పొట్టలోని ద్రవం ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నవచ్చట. పైగా వాటిలో దుమ్మూ పుప్పొడీ ఉంటాయట. ఉంటాయి మరి, బతికున్నన్నాళ్లూ అది గాలి పీల్చింది కదా! అదే గాలి పీల్చుకుంటున్న ముప్పై కోట్ల పైచిలుకు జనాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారో మాత్రం చెప్పరు.

ఈ ఒక్క శాసనంతో స్కాట్లండ్ వాళ్ల జాతీయ వంటకం అట్లాంటిక్ దాటకుండానే ప్రాణం విడిచింది. హ్యాగిస్ అంటే మరేం లేదు, బోటికీ ఖీమాకీ ఉప్మాకీ పుట్టిన బిడ్డ. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఉడికించి సన్నగా తరిగి, ఓట్స్ రవ్వ, ఉల్లిపాయ, కొవ్వు, మిరియాలు కలిపి, ఆ గొర్రె పొట్టలోనే కూరి, కుట్టి, గంటల తరబడి ఉడికిస్తారు. మంచి కండ దొరలకు పోగా మిగిలిన దాన్ని పారేయకుండా బతకనేర్చిన వాళ్ల తెలివి అది. 1989లో పిచ్చి ఆవుల జబ్బు పేరు చెప్పి బ్రిటన్ గొర్రె మాంసానికే అమెరికా తలుపు మూసింది. 2014లో బ్రిటన్ మంత్రి ఓవెన్ పాటర్సన్ హ్యాగిస్ కోసం స్వయంగా మొరపెట్టుకున్నారు. 2022లో ఆ తలుపు తెరుచుకుంది. గొర్రె మాంసం వెళ్లింది, హ్యాగిస్ గుమ్మం బయటే నిలబడింది. ఊపిరితిత్తుల గొళ్లెం ఊడలేదు మరి.

సరే, దొరికినంతలో రుచి చూద్దామని అమెరికాలో ఉన్నప్పుడు ఒక జనవరిలో టికెట్టు కొని బర్న్స్ విందుకు వెళ్లాను. రాబర్ట్ బర్న్స్ స్కాట్లండ్ మహాకవి. 1759 జనవరి 25న రైతు ఇంట పుట్టి, ముప్పై ఏడేళ్లకే పోయాడు. ఫ్రెంచి వంటకాలకు లొట్టలేసే వాళ్లను వెక్కిరిస్తూ, పల్లెటూరి హ్యాగిస్‌ను నెత్తికెత్తుకుని 1786లో పద్యం రాశాడు. ఆయన పుట్టినరోజు ఆ ఏడాది పనిదినాన పడింది కాబట్టి విందును శనివారానికి జరిపారు. కవిగారికి అభ్యంతరం ఉండదనుకుంటా. ఎక్కడ? స్టార్ హోటల్లో. వడ్డించిందెవరు? ఫ్రెంచి పేర్లున్న మెనూ కార్డు చేతపట్టుకున్న బేరర్లు.

అందరూ లేచి నిలబడ్డారు. బ్యాగ్‌పైపు మోగింది. వెండి పళ్లెంలో హ్యాగిస్ ఊరేగింపుగా వచ్చింది, మనవైపు కల్యాణోత్సవానికి స్వామివారు వచ్చినట్టు. కిల్టు అనే స్కాట్లండ్ గళ్ల పావడా కట్టిన పెద్దమనిషి కత్తి ఝళిపించి పద్యం ఎత్తుకున్నాడు. ఆ భాష నాకు తెలియదు. ఆయనకూ తెలియదని పక్కవాళ్ల నవ్వుల్లో తెలిసింది. ఒక చరణంలో కత్తి కసుక్కున దించాడు, విస్కీ గ్లాసులు లేచాయి, అంతా అరిచారు. నా కంచంలోకి ముద్దొకటి వచ్చింది, పక్కన బంగాళాదుంప గుజ్జు, నీప్స్ అనే మరో దుంప గుజ్జు. తిన్నాను. మిరియాల ఘాటు బాగానే ఉంది. ఏదో వెలితి.

పక్కనున్నాయన వంశం స్కాట్లండ్ వదిలి ఆరు తరాలైంది. ఆయన్నే అడిగాను.

"ఇది అసలైన హ్యాగిసేనాండీ?"

"పూర్తిగా సంప్రదాయం ప్రకారమే."

"ఊపిరితిత్తులు?"

"చట్టం ఒప్పుకోదు."

"పోనీ, గొర్రె పొట్ట?"

"ప్లాస్టిక్ తొడుగు."

"గొర్రె?"

"ఎద్దు కార్జం. చవక."

"మరి సంప్రదాయం?"

ఆయన గర్వంగా తన కిల్టు సర్దుకున్నాడు.

అప్పుడు చూశాను. ఆ హాల్లో హ్యాగిస్ కోసం నిజంగా పనిచేస్తున్న ఊపిరితిత్తులు రెండే: బ్యాగ్‌పైపు ఊదేవాడివి. వంటకం నుంచి ఒక్కో దినుసూ జారిపోతున్నకొద్దీ, ఆ ఖాళీలోకి ఒక్కో తంతు వచ్చి కూర్చున్నట్టుంది. అయినా వాళ్లను అనడం దేనికి? 2003లో ఒక హ్యాగిస్ తయారీదారు సర్వే చేయిస్తే, అమెరికా పర్యాటకుల్లో మూడోవంతు మంది హ్యాగిస్ కొండల్లో తిరిగే జంతువు అనుకున్నారట. వీళ్లు కనీసం అది వంటకమని నమ్ముతున్నారు. ఇక 2009లో స్కాట్లండ్‌ ఆహార చరిత్రకారిణి కేథరిన్ బ్రౌన్, హ్యాగిస్ వంట విధానం 1615 నాటి ఇంగ్లీషు పుస్తకంలో ఉందని చూపించారు. ఆ మాట ఈ హాల్లో ఎత్తితే ఆ కత్తి ఎటు తిరుగుతుందోనని నోరు మూసుకున్నాను.

మనం మాత్రం తక్కువ తిన్నామా? విందుకు నాతో వచ్చిన మా బావది అదే ఊళ్లో ఉద్యోగం. ఇంట్లో బోటి వండాలంటే కిటికీలన్నీ బిగించి, అగరొత్తులు వెలిగించి, పక్కింటి దొర పోలీసులను పిలుస్తాడేమోనని గుమ్మం దగ్గర కాపలా ఉంటాడు. ఆ రాత్రి టై కట్టుకుని, ఎద్దు కార్జం ముద్ద పక్కన నిలబడి నాలుగు సెల్ఫీలు దిగాడు. "హెరిటేజ్ బావా, హెరిటేజ్" అన్నాడు. మన పేగులు కంపు, వాళ్ల పేగులు వారసత్వం. ఈయన పిల్లలు బోటి ముఖం చూడలేదు, హ్యాగిస్ ఫొటో మాత్రం ఇంట్లో ఫ్రేము కట్టి ఉంది.

అసలు విడ్డూరం ఏమిటంటే, న్యూయార్కులో దొరకని ఊపిరితిత్తుల హ్యాగిస్ హైదరాబాద్‌లో వండుకోవచ్చు. మీ వీధి మటన్ కొట్టుకు పొద్దున్నే వెళ్లండి. గుండె, కార్జం, ఊపిరితిత్తులు, పొట్ట, అన్నీ ఒకే గొర్రెవి అడగండి. కొట్టాయన చట్టం చదవడు, కవర్లో వేసిస్తాడు. ఓట్స్ కొనక్కర్లేదు, షుగర్ వచ్చిందని డాక్టరు చెబితే తెచ్చి, రెండు రోజులు తిని అటకెక్కించిన డబ్బా ఉండనే ఉంటుంది. కాస్త వేయించి రవ్వలా పట్టండి. మిరియాలు మాత్రం చేయి జారేలా వేయండి, పొట్టను సగం పైచిలుకు నింపి వదిలేయండి, లేకపోతే పగులుతుంది. బ్యాగ్‌పైపు అక్కర్లేదు. కుక్కర్ కూత చాలు.