తలా తోకా లేని బీరు

అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఒక బారు. "గ్లూటెన్ ఫ్రీ బీరు ఏమైనా ఉందా?" అని అడిగాను. "ఎందుకు లేదూ!" అంటూ కుర్రాడు చల్లటి సీసా తెచ్చి ముందు పెట్టాడు. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి చదివాను. సన్నటి అక్షరాల్లో బార్లీ మాల్ట్ అని ఉంది.

"ఇందులో బార్లీ ఉంది కదయ్యా?"

"ఉంది. కానీ అందులోంచి గ్లూటెన్ తీసేశారు."

శాకాహారుల పంక్తిలో కోడికూర వడ్డించి, "ముక్కలన్నీ ఏరేశాం, వట్టి పులుసే, కానివ్వండి" అన్నట్టుంది. పైగా ఆ కుర్రాడి మొహంలో నాకేదో మేలు చేస్తున్నానన్న తృప్తి.

నాకున్నది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై, ఈ మూడింట్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులో పడితే మన ఒంటి కాపలా సైన్యమే చిన్నపేగు మీదికి దండెత్తి, తిండిని పీల్చుకునే సన్నటి నూగునంతా అరగదీస్తుంది. మందు లేదు. బతికినన్నాళ్ళూ పథ్యమే. గోధుమకూ దీనికీ ఉన్న సంబంధాన్ని తేల్చినవాడు విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. ఆయనకు ముందునుంచీ ఉన్న అనుమానం 1944-45 చలికాలపు కరువులో బలపడింది. రొట్టె దొరక్క జనమంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. ఊరికి కరువు, వీళ్ళకు పండగ. ఆ పండగ లెక్క నాకు బాగా అర్థమవుతుంది, పెళ్ళిళ్ళలో పూరీలు అయిపోయాయని అందరూ గొడవపడుతుంటే పెరుగన్నం ముందు ప్రశాంతంగా కూర్చునేది నేనొక్కణ్ణే.

మా అమ్మకు ఈ సంగతి చెప్పడానికి నాకు మూడు ఫోన్లు పట్టాయి. "బార్లీ చలవ చేస్తుంది కదా నాన్నా, దానికేం పాపం తెలుసు?" అంది. నిజమే, చిన్నప్పుడు ఏ జ్వరమొచ్చినా నా గొంతులో పోసింది బార్లీ నీళ్ళే. బజార్లో దొరికే ఇంగువల్లో చాలావాటికి గోధుమపిండి కలుపుతారని తెలిసిన రోజున ఇంట్లో పప్పుచారుకు సంతాపసభ జరిగింది. అంత పెద్దావిడే నమ్మి, ఇంగువ డబ్బా అవతల పారేసింది. బీరు వ్యాపారం చేసేవాళ్ళు మాత్రం బార్లీ డబ్బా పారేయరు. దాని పేరు మారుస్తారు.

ఈ "తీసేయడం" అసలు కథ ఇది. బీరును బాగా చల్లబరిస్తే అందులోని ప్రొటీన్ల వల్ల కాస్త మబ్బు పట్టినట్టవుతుంది. తాగేవాడికి దానివల్ల నష్టమేమీ లేదు, కానీ గాజు గ్లాసులో తళతళలాడదు. ఆ మబ్బు విరగడానికి ఒక ఎంజైము కనిపెట్టారు. ప్రొటీన్ గొలుసులో ప్రోలీన్ అనే పూస ఎక్కడుంటే అక్కడ కత్తిరిస్తుంది. గ్లూటెన్‌లో ఆ పూసలు బోలెడు. అందుచేత బీరు తేటపడటంతోపాటు గ్లూటెన్ పరీక్షలో అంకె కూడా పడిపోయింది. గ్లాసు అందం కోసం వేసిన పొడి రోగి ప్రాణం కాపాడే పొడిగా ప్రమోషన్ కొట్టింది. పోర్ట్‌లాండ్‌లోనే 2012లో ఈ పద్ధతిలో వచ్చిన బీరుకు ఓమిషన్ అని పేరు పెట్టారు. ఓమిషన్ అంటే వదిలేయడం. బార్లీని మాత్రం వదల్లేదు.

ఇక పరీక్ష సంగతి. గ్లూటెన్ కొలవడానికి ఎక్కువగా వాడే పద్ధతి రెండు చేతులతో పట్టుకునే రకం. ప్రొటీన్ ముక్కను ఒక యాంటీబాడీ ఒక చోట, ఇంకో యాంటీబాడీ ఇంకో చోట పట్టుకుంటేనే అది లెక్కలోకి వస్తుంది. అంటే తలా తోకా రెండూ చేతికి చిక్కితేనే పాము అని ఒప్పుకునే పరీక్ష. ఇప్పుడు మీరు పామును పాతిక ముక్కలు చేసి ఇల్లంతా చల్లారనుకోండి. పరీక్షకుడు వస్తాడు, ఏ ముక్కకూ రెండు కొసలూ దొరకవు, "ఇంట్లో పాము లేదు" అని సంతకం పెట్టి పోతాడు. కోర ఉన్న ముక్క ఏ మంచం కింద ఉందో కాలు పెట్టినవాడికే తెలుస్తుంది. ఒక్క చేత్తో పట్టే పరీక్ష కూడా ఉంది. దాన్ని వాడినా, ముక్కలైపోయిన ప్రొటీన్ అసలు ఎంత ఉందో కచ్చితంగా తేల్చే శాస్త్రీయ పద్ధతేదీ లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020 ఆగస్టులో నిబంధనల రూపంలోనే చెప్పేసింది. పులియబెట్టిన సరుకైతే పులియకముందే అందులో గ్లూటెన్ లేదని చూపించాలంది. ఇడ్లీ గురించి మాట్లాడేముందు పప్పు చూపించమన్నట్టు. ఇంతకంటే న్యాయమైన మాట ప్రభుత్వాల నోట అరుదుగా వింటాం.

అందుకని అమెరికాలో బార్లీ బీరు సీసా మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయకూడదు. "గ్లూటెన్ తీసేసే విధంగా తయారుచేసినది" అని రాసుకోవచ్చు, కాకపోతే పక్కనే "ఇందులో గ్లూటెన్ ఎంతుందో నిర్ధారించలేం, ఉన్నా ఉండొచ్చు" అని కూడా అచ్చేయాలి. ఒకే కాగితం మీద పైన శుభలేఖ, కింద విడాకుల నోటీసు. మొదటిది పెద్దక్షరాల్లో, రెండోది భూతద్దం ఉన్నవాళ్ళకు.

సముద్రం దాటితే మళ్ళీ వేరే ధర్మశాస్త్రం. స్పెయిన్‌లో 2006 నుంచి అమ్ముతున్న దౌరా బార్లీ బీరే. పది లక్షల పాళ్ళలో ఇరవై లోపు తేలితే యూరప్‌లో అది దర్జాగా గ్లూటెన్ ఫ్రీ. ఆస్ట్రేలియాలో అయితే గ్లూటెన్ ఉన్న గింజను మొలకెత్తించి మాల్ట్ చేసి వాడితే ఆ పేరు ఎత్తనే కూడదు. అంటే బార్సిలోనాలో నాకు పథ్యమైన సీసా సిడ్నీలో దిగగానే అపథ్యం. నా పేగు మాత్రం ఏ దేశపు వీసా మీద వచ్చానో చూసి మసలుకునే రకం కాదు.

"నేను తాగుతాను, నాకేం కాలేదు బావా" అంటాడు ఇదే జబ్బున్న మిత్రుడొకడు. కడుపు నొప్పి రాకపోతే పేగు క్షేమమని అతని నమ్మకం. పేగు చప్పుడు చేయకుండా కూడా పాడవుతుందని అతని డాక్టరే చెప్పాడు, అయినా శుక్రవారం సాయంత్రం డాక్టరు మాట గుర్తుండదు. 2017లో షికాగో వైద్యులు కూడా పాలుపంచుకున్న ఒక అధ్యయనంలో 31 మంది సీలియాక్ రోగుల రక్తాన్ని ఈ బీరుతో కలిపి చూశారు. కొందరి రక్తం అందులోని ముక్కల్ని గుర్తుపట్టింది. అందరిదీ కాదు, కొందరిదే. ఆ కొందరిలో నేనున్నానో లేదో తెలుసుకోవడానికి సీసాకు డబ్బులిచ్చి నా పేగు మీదే ప్రయోగం చేసుకోవాలన్నమాట.

ఇంత తిప్పలెందుకు, బార్లీ మానేస్తే పోలా? అక్కడే ఉంది పీటముడి. బార్లీ లేనిది బీరే కాదన్నది ఒక మతం. దానికి 1516లో బవేరియా దొరలు రాసిన శాసనమొకటి వేదం: బార్లీ, హాప్స్ అనే చేదుపూలు, నీళ్ళు, అంతే. ఆ వేదం చదవని జాతులు జొన్న మొలకెత్తించి ఎన్ని తరాలుగా బీరు కాస్తున్నాయో ఆఫ్రికాలో ఎవర్నడిగినా చెబుతారు. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ దిగుమతి ఆపేస్తే అక్కడి పెద్ద పెద్ద కంపెనీలన్నీ జొన్న మీదికీ మొక్కజొన్న మీదికీ మళ్ళాయి. ఎవరూ దాహంతో చావలేదు. అమెరికాలో మాత్రం 2006లో జొన్న బీర్లు బజారుకొచ్చినప్పుడు, అదేదో నాసావాళ్ళు చంద్రుడి మీంచి తెచ్చినట్టు ఆశ్చర్యపోయారు.

ఆ తొలి జొన్న బీర్లు బాగున్నాయని మాత్రం నాచేత అబద్ధం చెప్పించకండి. చాలావాటిని జొన్న పాకంతో చేసేవారు. ఒక మాదిరి తీపి, వెనకాలే ఇనప గరిటె నాకినట్టు ఒక రుచి. తప్పు జొన్నది కాదు. జొన్న పిండి ఉడకడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి, పిండిని చక్కెరగా మార్చే సరంజామా కూడా జొన్న మాల్ట్‌లో తక్కువ. ఆ కష్టం పడలేక పాకం పోసి సరిపెట్టారు. జొన్నరొట్టె చేతకానివాడు జొన్నను తిట్టినట్టు లోకం జొన్నను తిట్టింది.

కష్టపడ్డవాళ్ళు లేకపోలేదు. మాంట్రియల్‌లో గ్లుటెన్‌బర్గ్ వాళ్ళు చిరుధాన్యాలతో, పేరులో వీట్ ఉన్నా గోధుమ కాని బక్‌వీట్‌తో చేసిన బీర్లు 2012 ప్రపంచ బీరు పోటీల్లో గ్లూటెన్ ఫ్రీ విభాగంలో బంగారం, వెండి, కంచు మూడూ ఎత్తుకుపోయాయి. సియాటిల్‌లో 2015లో మొదలైన ఘోస్ట్‌ఫిష్ వాళ్ళు గ్లూటెన్ గింజను గడప తొక్కనివ్వరు. చిరుధాన్యం అంటే ఇక్కడ ఎక్కువగా కొలరాడోలో పండే వరిగ. మన మెట్టచేలల్లో పేదవాడు తిని, వరి రాగానే మరిచిపోయిన అదే వరిగ. దాని మాల్ట్‌తో కాచిన బీరు మొదటిసారి తాగినప్పుడు, నురుగు పెదవికంటి, లోపల చేదు దిగి, నేను ఆరేళ్ళ తరవాత మళ్ళీ బీరు తాగానని అనిపించింది. బిల్లు చూశాక మళ్ళీ ఇంకో ఆరేళ్ళు ఆగుదామా అని కూడా అనిపించింది.

ఆ పోర్ట్‌లాండ్ బారు కుర్రాణ్ణి వరిగ బీరు ఉందా అని అడిగాను. "మిల్లెటా? అది పిట్టల మేత కదా సార్" అన్నాడు. అతను చెప్పింది నిజమే, అమెరికాలో పండే వరిగలో చాలా భాగం పిట్టలకే పోతుంది. ఇంటికొచ్చాక మా ఆవిడ బాల్కనీలో పిచ్చుకలకని కొన్న సంచీ తీసి చదివాను. వరిగ, జొన్న, పొద్దుతిరుగుడు అని పెద్దక్షరాల్లో రాసుంది. అందులోంచి ఏదో తీసేశామని మాత్రం ఎక్కడా లేదు.