గాలికి చదరపు అడుగు ఎనిమిది వేలు

ఆదివారం వచ్చిందంటే పేపర్లోని రియల్ ఎస్టేట్ పేజీలో ఓ నిపుణుడు ప్రత్యక్షమవుతాడు. సొంతిల్లు కొనేవాళ్లు ముందు ఈ వ్యాపారంలోని మాటలన్నీ క్షుణ్ణంగా తెలుసుకోవాలంటాడు. తెలియకుండా సంతకం పెట్టి తర్వాత లబోదిబోమంటే ఎవరూ ఏమీ చేయలేరంటాడు. పక్క పేజీ నిండా బిల్డర్ల ప్రకటనలే. సరే, పెద్దాయన చెప్పాడు కదా, నేర్చుకుందాం.

మొదట విస్తీర్ణం. బయటి గోడల లోపల మీరు మంచం వేసుకోగలిగిన నేల కార్పెట్ ఏరియా. దానికి బయటి గోడల మందం, బాల్కనీ కలిపితే బిల్టప్ ఏరియా. దానిమీద లిఫ్టు, మెట్లు, నడవాలు, క్లబ్ హౌస్, జనరేటర్ గది వగైరాల్లో మీ వాటా కూడా కలిపితే సూపర్ బిల్టప్. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ‘రెరా’ వీటిలో మొదటిదాన్ని మాత్రమే నిర్వచించింది, ఒప్పందంలో దాన్నే చూపించమంది. సూపర్ బిల్టప్ అనేది ఆ చట్టంలో లేనేలేదు. హైదరాబాదులో ఏ సైట్ ఆఫీసుకైనా వెళ్లి రేటెంతని అడగండి. ఎస్సెఫ్టీ ఎనిమిది వేలు సార్ అంటాడు కుర్రాడు. దేనిమీద ఎనిమిది వేలు? చట్టంలో లేనిదానిమీద.

చిన్న లెక్క చేద్దాం. 1,500 చదరపు అడుగుల ఫ్లాటు, ఎనిమిది వేల చొప్పున కోటీ ఇరవై లక్షలు. లోపల కార్పెట్ 1,050 అనుకుందాం. అంటే కార్పెట్‌లోకి రాని 450 అడుగులకు మీరిచ్చింది 36 లక్షలు. ఆ 36 లక్షల్లో లిఫ్టు గుంతలోని గాలి ఉంది, మెట్ల మలుపు ఉంది, మీరెన్నడూ దిగని ఈతకొలను ఉంది. మీకు నిజంగా దక్కిన నేల ధర చూస్తే అడుగు పదకొండు వేల నాలుగు వందల పైమాటే. ‘మీ కామన్ ఏరియా ఎంత శాతం బాబూ?’ అని అడిగితే కుర్రాడు ఆప్యాయంగా నవ్వి, ‘ఇండస్ట్రీ స్టాండర్డే సార్’ అంటాడు. ఆ స్టాండర్డును పెట్టిందెవరో అడగకండి. ఆ గదిలో ఏసీ చాలా బాగుంటుంది, చెడగొట్టుకోవడం దేనికి?

ఇంతా ఇచ్చాక క్లబ్ హౌసుకు మళ్లీ వేరే చార్జీ. తూర్పు ముఖానికి కొంత. పై అంతస్తుకు వెళ్తే ఫ్లోర్ రైజ్. పార్కు కనిపిస్తే ఆ చూపుకీ ఓ రేటు. కారు పార్కింగుకు లక్షలు. ముంబయి కేసొకదానిలో స్టిల్ట్ పార్కింగును ఫ్లాటుకు విడిగా అమ్ముకునే హక్కు బిల్డరుకు లేదని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. ఆ తీర్పు ముంబయి నుంచి హైదరాబాదు రావడానికి దారిలో ఎక్కడో ఆగినట్టుంది.

ఇక ప్రీలాంచ్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఏనాడో అన్నారుగానీ, సోమలింగాన్ని సగం ధరకు అమ్మవచ్చని వాళ్లకు తట్టలేదు. ఇక్కడ అనుమతి ఉండదు, ప్లాను ఉండదు, ఒక్కోసారి నేల కూడా బిల్డరు పేరున ఉండదు. టవరుకు మాత్రం ఇటలీ పేరుంటుంది. డబ్బంతా ఒకేసారి కడితే ‘యూడీఎస్’ రాసిస్తాడు, అంటే ఎకరాల భూమిలో విడదీయలేని కొన్ని గజాల వాటా. ఆ గజాలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమంటే బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. రిజిస్టర్ కాకుండా ప్రాజెక్టును ప్రకటించనే కూడదని, అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి డబ్బు తీసుకోకూడదని రెరా చెబుతూనే ఉంది. మన బిల్డరు అందుకే ప్రకటన ఇవ్వడు. వాట్సాప్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీకి మాత్రమే’ అని పంపుతాడు. ఆ కుటుంబం ఎంత పెద్దదంటే అందులో మీరూ ఉంటారు, నేనూ ఉంటాను.

దూరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. హైదరాబాదు చుట్టూ వేయాల్సిన రీజినల్ రింగు రోడ్డుకు అయిదు నిమిషాలంటూ ప్లాట్లు అమ్ముతున్నారు. రోడ్డు ఇంకా పడలేదు కాబట్టి నిమిషాలు అయిదైనా, రెండైనా కాదనేవాడు లేడు.

బ్యాంకుకు వద్దాం. అక్కడ సూటూ బూటూ ఉంటాయి, వ్యంగ్యానికి చోటుండదనుకుంటాం. 2020 చివర్లో ఓ ఉద్యోగి 50 లక్షలు, 20 ఏళ్లకు, ఏడు శాతం ఫ్లోటింగ్ వడ్డీకి తీసుకున్నాడనుకుందాం. నెలకు 38,765 కిస్తీ. రెండేళ్లు తొమ్మిది లక్షల పైచిలుకు కట్టాక అసలులో తరిగింది రెండున్నర లక్షలు. అప్పటికి రిజర్వు బ్యాంకు రెపో రేటును పెంచుకుంటూ పోతోంది. నాలుగు శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నర అయింది. దాంతోపాటే మనవాడి వడ్డీ తొమ్మిదిన్నర అయింది. బ్యాంకు కిస్తీ ముట్టుకోలేదు, పాపం దయగలది. ఏళ్లను మాత్రం పెంచింది. ఆ లెక్కన ఇంకా 18 ఏళ్లు కట్టాల్సినవాడు 37 ఏళ్లు కట్టాలి. ముప్పై అయిదేళ్లకు అప్పు చేసినవాడికి గృహప్రవేశం తండ్రి చేతుల మీద జరిగితే, ఆఖరి కిస్తీ మనవడి చేతుల మీద చెల్లుతుంది. ఇంత అన్యాయం కూడదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకే కలగజేసుకుంది. కిస్తీ పెంచుకుంటారా, ఏళ్లు పెంచుకుంటారా, రెండూ కొంచెం కొంచెమా అని అప్పు తీసుకున్నవాణ్ణి అడగండి, ఫిక్సెడ్‌కు మారే వీలూ ఇవ్వండి అంది. అంటే అంతకుముందు అడగాలన్న ఆలోచన చాలా బ్యాంకులకు రాలేదన్నమాట. మన ఆదివారం నిపుణుడు మాత్రం ఫ్లోటింగ్ అంటే ఏమిటో మనకు తెలియకపోవడమే సమస్య అంటాడు.

లీగల్ ఒపీనియన్‌కు ఫీజు మనదే. ఆ ఒపీనియన్ బ్యాంకు కోసం. ‘బ్యాంకు లోనిచ్చిందంటే టైటిల్ క్లియరే సార్’ అని సేల్స్ కుర్రాడు దాన్నే మనకు ఎదురు అమ్ముతాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందేగానీ హక్కుకు పూచీ పడదు. ఈ ఒక్క వాక్యం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడమీద పెద్దక్షరాలతో రాయిస్తే బాగుండు. 2024లో హైదరాబాదులో ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి చెరువుల ఎఫ్‌టీఎల్‌లోని కట్టడాలు కూల్చినప్పుడు కొందరు చేతుల్లో రిజిస్ట్రేషన్ కాగితం, ఇంటి పన్ను రసీదు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు ఏ మాట తెలియలేదంటారు? ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తి నీటిమట్టమని ఎల్‌కేజీలో చెప్పించాల్సిందా?

నిపుణుడి మీద నాకు కోపం లేదు. కొనేవాడు నేర్చుకోవాలన్నాడు, నేర్చుకున్నాం. కాబట్టి ఈసారి బిల్డరుకు చెక్కు రాసేటప్పుడు నేర్చుకున్న చదువు వాడదాం. కోటీ ఇరవై లక్షలని అంకె వేసి, పక్కన ‘సూపర్ బిల్టప్ రూపాయలు’ అని రాద్దాం. అందులో ఖాతాలో ఉన్న కార్పెట్ డబ్బు 84 లక్షలు. మిగతా 36 లక్షలు మా అపార్ట్‌మెంటువాళ్లందరి పర్సుల్లో మా కామన్ వాటా. ‘ఇదేంటి సార్’ అంటే ఏం చెప్పాలో తెలుసుగా, ఇండస్ట్రీ స్టాండర్డే బాబూ.