కెన్యా వెళ్లి ఏమీ చూడకుండా తిరిగి రావడం ఎలా?

లక్షలు పోసి కెన్యా వెళ్లేవాళ్లకు ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక మలుపులో ఆ దేశం కంటబడిపోతుంది. అలా జరక్కుండా, ఇక్కణ్నుంచి మోసుకెళ్లిన అభిప్రాయాలను ఇస్త్రీ నలగకుండా వెనక్కి తెచ్చుకోవడానికి కొన్ని సూచనలు.

1. బట్టలు

ఆఫ్రికా అంటే ఎండ. ఇక ఆలోచించాల్సిన పనేముంది? జులైలో వెళ్తూ పల్చటి కాటన్ చొక్కాలే సర్దుకోండి. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉందనీ, జులై అక్కడ చలి నెలల్లో ఒకటనీ ముందే తెలుసుకోవడం దేనికి? తెల్లారకుండా సఫారీ బండి పైకప్పు తీసినప్పుడు మీ పళ్లే టకటకా చెబుతాయి.

2. సామాను

ఆవకాయ సీసాకు ఒక కవరు, ఆ కవరు కారితే పైన ఇంకో కవరు, చెప్పులకొకటి, తడి తువ్వాలుకొకటి, ఎందుకైనా మంచిదని అడుగున మడిచి పెట్టిన ఖాళీ కవర్లు ఓ డజను. ఇవి లేనిదే మన పెట్టె పెట్టెలా ఉండదు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. చట్టం ప్రకారం జరిమానా 40 లక్షల షిల్లింగుల దాకా, జైలు నాలుగేళ్ల దాకా పడొచ్చు. చీరల కొట్టువాడు ఊరికే ఇచ్చిన కవరుకు ఇంత విలువ కట్టే దేశాన్ని నిరాశపరచకండి. నేషనల్ పార్కుకు వెళ్లేటప్పుడు వాడి పారేసే నీళ్ల సీసా కూడా పట్టుకెళ్లండి. దాన్ని అక్కడ 2020 జూన్‌లో నిషేధించారు.

3. టైము

స్వాహిలీలో ఎవరైనా బస్సు రెండింటికి అంటే, సుబ్బరంగా భోంచేసి, ఓ కునుకు తీసి బయల్దేరండి. వాళ్లు గంటలు లెక్కపెట్టేది పొద్దు పొడుపు నుంచి. రెండంటే ఉదయం ఎనిమిది. మన తాతలు గడియలు లెక్కపెట్టిందీ సూర్యోదయం నుంచేనని గుర్తొస్తే విషయం ఇట్టే అర్థమైపోతుంది. గుర్తు తెచ్చుకోకండి.

4. డబ్బు

రోడ్డు పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న కాల్చే ఆమె దగ్గర ఆగండి. పొత్తు తిప్పుతూ, నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది గింజల మీద రుద్దుతుంటుంది. పొత్తు అందుకుంటూ, మా దేశంలో కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తోనే డబ్బులిస్తామని గొప్పగా చెప్పండి. ఆమె ఓపిగ్గా విని ఎం-పెసా నంబరు చూపిస్తుంది. ఫోన్‌తో డబ్బు పంపే ఆ పద్ధతి అక్కడ 2007లోనే మొదలైంది, మన యూపీఐ వచ్చింది 2016లో. ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టి చూడకుండా కబుర్లు కొనసాగించండి.

5. తిండి

చపాతీ, సమోసా కనబడగానే "ఇవి మనవే!" అని హోటలంతా వినబడేలా అనండి. అక్కడికి ఎలా చేరాయని మాత్రం అడక్కండి. అడిగితే 1896లో మొంబాసా నుంచి మొదలైన రైలు మార్గం గురించీ, అది వేయడానికి ఓడల్లో వెళ్లిన సుమారు 32,000 మంది భారతీయ కూలీల గురించీ, వాళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్న దాదాపు 2,500 మంది గురించీ వినాల్సొస్తుంది. 2017లో కెన్యా ప్రభుత్వం ఆసియా సంతతివాళ్లను తమ దేశపు 44వ తెగగా గుర్తించిందని కూడా చెబుతారు. చపాతీ చల్లారిపోతుంది.

6. భూమధ్యరేఖ

నాన్యుకీలో రేఖ దాటే చోట బోర్డు ఉంటుంది, పక్కనే చిల్లు గిన్నె, నీళ్ల జగ్గుతో ఒకాయన ఉంటాడు. నాలుగడుగులు ఉత్తరానికి నడిచి నీళ్లు పోస్తే అందులో వేసిన అగ్గిపుల్ల ఒకవైపు తిరుగుతుంది. రేఖ దాటి దక్షిణానికి నడిచి పోస్తే రెండోవైపు తిరుగుతుంది. భూభ్రమణం తుపాన్లను తిప్పే మాట నిజమే. గిన్నెలో నీళ్లను తిప్పేది మాత్రం ఆయన పోసే తీరు. మీరు ఫిజిక్సు మాస్టారైతే మరీ మంచిది, చప్పట్లు కొట్టి సర్టిఫికెట్ కొనుక్కోండి. ఆ చేతివాటం చూస్తే డబ్బు దండగ అనిపించదు.

7. మసాయి మారా

ఈ అభయారణ్యంలో సఫారీ బండెక్కగానే పెద్దపులిని చూపించమని పట్టుబట్టండి. ఆఫ్రికా అడవుల్లో పెద్దపులులు లేవని డ్రైవరు చెబితే, ఇచ్చిన డబ్బు గుర్తుచేయండి. చీతా కనిపిస్తే "అన్నా, ఇంకొంచెం దగ్గరికి" అనండి. మీలాంటివాళ్ల బళ్లు ఇంకో ఇరవై ఇప్పటికే దాన్ని చుట్టుముట్టి ఉంటాయి. చీతా ఎక్కువగా పగలే వేటాడుతుంది. ఇంజన్ల రొదకు జింక పారిపోతే చీతా పిల్లలు పస్తుంటాయి, మీకు మాత్రం మంచి ఫొటో దక్కుతుంది. అక్కడి మసాయి తెగ మనిషి ఎదురైతే అడక్కుండానే ఫోనెత్తండి, జంతువుల ఆల్బమ్‌లోనే పెట్టేయొచ్చు.

ఈ ఏడూ తూచా తప్పకుండా పాటిస్తే, వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగొస్తారు. కెన్యాను చూడాలన్న దుర్బుద్ధి పుడితే మాత్రం అన్నీ తిరగేసి పాటించండి.

ఒక్క మాట మాత్రం వెటకారం కాదు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు యెల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ టీకా సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి వచ్చి దిగితే, మన విమానాశ్రయంలోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.