కాగితం తిప్పే సమయం

అమీర్‌పేటలో డాట్ నెట్ నేర్చుకునే రోజుల్లో మా సార్ మాకు చూపించిన మొదటి మాయ ఇది. ఫారం మీద ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, దాని మీద రెండుసార్లు క్లిక్ చేయించారు. టెక్స్ట్ ఛేంజ్‌డ్ అనే ఫంక్షన్ తనంతట తానే పుట్టుకొచ్చింది. "ఇక బాక్సులో అక్షరం మారితే చాలు, ఇది పరిగెత్తుకొస్తుంది" అన్నారు.

బ్రౌజర్ తెరిచి నా పేరు కొట్టాను. ఎవరూ పరిగెత్తుకు రాలేదు. ఇంటిపేరు కూడా కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. విసుగొచ్చి కింద ఉన్న బటన్ నొక్కితే అప్పుడొచ్చింది మహాతల్లి. అదీ బటన్ క్లిక్ ఈవెంట్ కంటే ఒక అడుగు ముందు, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టు. పిలుపులకు రాకుండా భోజనాల బంతికి మాత్రం మొదట కూర్చునే చుట్టంలా.

2002లో ఏఎస్పీ డాట్ నెట్ వచ్చినప్పుడు వెబ్ ఫామ్స్ చేసిన వాగ్దానమే అది. విజువల్ బేసిక్ చేతికి అలవాటైన వాళ్లకు వెబ్ పేజీ కూడా డెస్క్‌టాప్ ఫారంలాగే కనిపించాలి. కనిపించింది కూడా. కాకపోతే డెస్క్‌టాప్‌లో పెట్టె, ఫంక్షన్ ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. వెబ్‌లో పెట్టె బ్రౌజర్‌లో, ఫంక్షన్ ఎక్కడో సర్వర్‌లో. మీరిక్కడ ఎంత కొట్టినా, పేజీ బయల్దేరి వెళ్లి చెబితే తప్ప అక్కడ తెలియదు. ఆ ప్రయాణం పేరే పోస్ట్‌బ్యాక్.

వెళ్లి చెప్పినా ఇంకో చిక్కుంది. సర్వర్‌కు మతిమరుపు. పేజీ ఇచ్చి పంపిన మరుక్షణం మిమ్మల్ని మరిచిపోతుంది. మరి మారిందో లేదో దానికెలా తెలుస్తుంది? మా ఊరి కిరాణా కొట్టు ఆయన పద్ధతే. అరువు ఖాతా పుస్తకం ఆయన దగ్గర ఉండదు, మన చేతికే ఇచ్చి పంపుతాడు. మళ్లీ వెళ్లినప్పుడు అందులో పాత లెక్క చూసి, కొత్త సరుకు చూసి, తేడా తేలుస్తాడు. వెబ్ ఫామ్స్‌లో ఆ పుస్తకం పేరు వ్యూ స్టేట్. పేజీలో కనపడకుండా దాక్కుని, అర్థంకాని అక్షరాల చాంతాడులా ఉంటుంది. పాత విలువ అందులో, కొత్త విలువ పెట్టెలో. రెండూ కలవకపోతేనే మార్పు జరిగినట్టు. పేజీలో సరంజామా పెరిగేకొద్దీ పుస్తకమూ లావెక్కుతుంది. ఉప్పు పొట్లానికి వెళ్లినా ఆ పుస్తకం మోసుకెళ్లక తప్పదు.

అక్షరం మారినా ఫంక్షన్ రాని బాధకు మందు ఆటో పోస్ట్‌బ్యాక్ అని వారం తర్వాత తెలిసింది. ట్రూ అని పెడితే చాలు, పెట్టెలో రాసి బయటికి అడుగు పెట్టగానే పేజీ తానే సర్వర్ దగ్గరికి పరిగెడుతుంది. గుర్తుంచుకోండి, అక్షరం కొట్టగానే కాదు, పెట్టె దాటగానే. ఆ తేడా నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు. చేతికి సుత్తి దొరికిన కుర్రాడిలా కనిపించిన ప్రతి పెట్టెకూ ట్రూ కొట్టేశాను.

ఉద్యోగంలో చేరాక నా మొదటి ఫారం ఒక జిల్లా కేంద్రంలోని ఆఫీసుకు వెళ్లింది. ఏ జిల్లా, ఏ ఆఫీసు అని అడక్కండి, తప్పు నాది. పిన్ కోడ్, పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి. పిన్ కోడ్ కొడితే మండలాల జాబితా దానంతటదే నిండాలి. మా ఆఫీసులో సర్వర్ పక్క గదిలోనే ఉండేది కాబట్టి రెప్పపాటులో నిండింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్కడ కూర్చున్నది టైపు హయ్యర్ పాసైన మేడం. ఆవిడ తెర వంక చూడరు. కళ్లు ఎడమవైపున్న దరఖాస్తు మీద, వేళ్లు కీబోర్డు మీద. ఆరంకెలు, ట్యాబ్, పేరు, ట్యాబ్, తండ్రి పేరు, ట్యాబ్... కుట్టుమిషను నడిచినట్టు. ఆవిడ వెంకటేశ్వరరావు మొదలుపెట్టేసరికి నా పేజీ పిన్ కోడ్ కబురు పట్టుకుని బయల్దేరింది. ఆ ఊరి లైను ఎడ్లబండి. వెళ్లిన పేజీ తిరిగొచ్చేలోపు ఆవిడ నాలుగు గడులు దాటేశారు. కొత్త పేజీలో పిన్ కోడ్ ఒక్కటే ఉంది. వెంకటేశ్వరరావుగారు, వారి తండ్రిగారు, ఇంటి నంబరుతో సహా గాలిలో కలిసిపోయారు.

కర్సరూ మాయం. ఆవిడ చెరుపుదామని బ్యాక్‌స్పేస్ కొట్టారు. కర్సర్ ఏ పెట్టెలోనూ లేనప్పుడు ఆ కీ కొడితే ఆనాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అక్షరం చెరపదు, మనల్నే వెనక పేజీకి నెట్టేస్తుంది. అక్కడ పేజీకి కాలం చెల్లిందని ఒక తెల్లటి హెచ్చరిక. ఆవిడ ఫోన్ చేసి, "బాబూ, ఇది దరఖాస్తు ఫారమా, వైకుంఠపాళీనా?" అన్నారు.

మర్నాడు ఇంకో ఫోను. "మీ సేవ్ బటన్‌కి చెవుడుందా? రెండుసార్లు పిలిస్తే గానీ పలకట్లేదు." కారణం కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆఖరి పెట్టెలో రాసి బటన్ మీద మౌస్ పెట్టి నొక్కేసరికి పెట్టె దాటినట్టయింది. వెంటనే ఆ పెట్టె తాలూకు పోస్ట్‌బ్యాక్ బయల్దేరింది. నొక్కిన నొక్కు ఆ హడావుడిలో బస్సు తప్పిన ప్రయాణికుడిలా స్టాండులో మిగిలిపోయింది.

మూడో ఫిర్యాదుకు మాత్రం సిగ్గుపడ్డాను. "పేరు దిద్దితే మళ్లీ పాత పేరే వస్తోంది" అన్నారు. నేను పేజ్ లోడ్ అనే ఫంక్షన్‌లో, పేజీ వచ్చిన ప్రతిసారీ డేటాబేసు నుంచి పేరు తెచ్చి పెట్టెలో పోస్తున్నాను. ఇది మొదటి రాకా, తిరుగు రాకా అని అడగడానికి ఈజ్ పోస్ట్‌బ్యాక్ అనే చిన్న ప్రశ్న ఉంది. అది అడగడం మరిచాను. ఫలితం చూడండి: ఆవిడ రాసిన కొత్త పేరు సర్వర్‌కు చేరింది, మారిందని నమోదైంది, అంతలో పేజ్ లోడ్ దాని మీద పాత పేరు పోసింది, ఆ తర్వాత మారిందహో అని ఈవెంట్ టముకు వేసింది. ఏం మారిందని చూస్తే పెట్టెలో పాత పేరు! దర్యాప్తు కమిటీ వేసి, పాత నివేదికకే కొత్త అట్ట వేసినట్టు.

2007లో అప్‌డేట్ ప్యానెల్ వచ్చినప్పుడు కష్టాలు తీరాయనుకున్నాం. పేజీ మొత్తం తెల్లబోకుండా, కావలసిన ముక్క మాత్రమే మారుతుంది. పైకి అంతే. తెర వెనక మాత్రం ఆ లావు ఖాతా పుస్తకం అలాగే వెళ్తుంది, సర్వర్ పేజీ మొత్తాన్నీ మళ్లీ మొదటి నుంచి కడుతుంది. ఒక్క కప్పు కాఫీ కోసం ఇంటిల్లిపాదినీ లేపి, కాఫీ మాత్రం చప్పుడు కాకుండా తెచ్చి ఇచ్చినట్టు.

నా ఫారానికి అసలు మందు ఆ మేడమే చెప్పారు. ఒకరోజు వెళ్లి ఆవిడ వెనక నిలబడి చూస్తుంటే, తల తిప్పకుండానే అన్నారు: "చూడు బాబూ, కాగితం ముందువైపు అయ్యాక వెనక్కి తిప్పుతానా? తిప్పి, చూపుడువేలితో మడత సరిచేసి, పేపర్‌వెయిట్ పెడతాను. నాకూ కాస్త ఊపిరి కావాలి కదా. మీ సర్వర్‌ని అప్పుడు వెళ్లి రమ్మను. నేను రాస్తుంటే మధ్యలో తొంగిచూడొద్దని చెప్పు."

పిన్ కోడ్‌ను ముందువైపు చివర పెట్టాను. ఆటో పోస్ట్‌బ్యాక్ దానికొక్కదానికే ఉంచాను. ఆరంకెలున్నాయో లేవో బ్రౌజరే చూసుకుంటుంది, అంతమాత్రానికి సర్వర్‌ను లేపక్కర్లేదు. మిగతావన్నీ సేవ్ నొక్కినప్పుడు ఒక్కసారే. ఆవిడ కాగితం తిప్పేలోపు మండలాలు నిండేవి. ఫోన్లు ఆగిపోయాయి.

వెబ్ ఫామ్స్‌కు ఏఎస్పీ డాట్ నెట్ కోర్‌లో చోటు దొరకలేదు. పాత డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ మీద మాత్రం ఇంకా ఊపిరి పీలుస్తోంది. ఇప్పటి ఫారాలు పెట్టె దాటేదాకా కూడా ఆగవు, కొట్టిన ప్రతి కీకీ సర్వర్‌కు కబురు పంపగలవు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో "స్త్రీ" అని కొట్టి చూడండి. స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ. ఒక్క అక్షరానికి ఆరు కబుర్లు. అందులో మొదటి ఐదూ మనం అనని మాటలు!

మొన్న మా టీములో కుర్రాడొకడు అలాంటి సెర్చ్ పెట్టె కట్టి తెచ్చాడు. వేళ్లు ఆగాక మూడు వందల మిల్లీసెకన్లు చూసి అప్పుడు పంపమన్నాను. "దాన్ని డీబౌన్స్ అంటారు సార్" అన్నాడు, నాకు తెలియదనుకుని.

"అంటారు గానీ, నీ యూజరు కాగితం ఎప్పుడు తిప్పుతుంది?" అన్నాను.

వాడు నా వంక పోస్ట్‌బ్యాక్‌కు వెళ్లి ఇంకా రాని పేజీలా తెల్లగా చూశాడు.