ఏటినే తగలేసిన ఊరు

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను తెలుగువాళ్లు బాగా ఎరుగుదురు. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ వాళ్లు తెప్పతో సరిపెట్టుకోలేదు, ఏటినే తగలేశారు. 1868 నుంచి 1969 దాకా కయహోగా నది మీద కనీసం 13 సార్లు మంటలు లేచాయి. ఇప్పుడు అదే నది మీద పడవ షికారుకి టికెట్లు అమ్ముతున్నారు.

క్లీవ్‌లాండ్ పేరు చెబితే మనవాళ్లకు గుర్తొచ్చేది 1978 నుంచి అక్కడ జరుగుతున్న త్యాగరాజ ఉత్సవాలు. ఆ త్యాగయ్యగారు నౌకా చరిత్రం రాసినప్పుడు యమున మధ్యలో గాలివాన తెప్పించారు, గోపికల పడవకి చిల్లు పడనిచ్చారు. నీళ్లకే నిప్పంటుకునే ఘట్టం మాత్రం పాపం ఆయనకూ తట్టలేదు.

అది తట్టాలంటే కవి హృదయం చాలదు, వ్యాపార బుద్ధి కావాలి. రాక్‌ఫెల్లర్ దొర 1870లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెట్టింది ఈ ఊళ్లోనే. అప్పటికి మోటారు కార్లు లేవు. ఇళ్లలో దీపాలకు కిరసనాయిలు కావాలి కాబట్టి ముడిచమురు నుంచి దాన్ని తీసేవారు. కూడా వచ్చే పెట్రోలు ఎవరికీ అక్కర్లేని దండగ సరుకు. ఊళ్లోని శుద్ధి కర్మాగారాలు దాన్ని పారబోయడానికి దగ్గర్లో నది ఉండనే ఉంది. లీటరు వంద దాటాక స్కూటరు ట్యాంకు ఊపి చప్పుడు వినే హైదరాబాదు గుమస్తా ఈ చోట కాస్త ఆగి కళ్లు తుడుచుకోవచ్చు.

ఇక అసలు మంట. 1969 జూన్ 22న నది మీద తేలుతున్న నూనె తెట్టు అంటుకుంది. వంతెన మీద పోయే రైలు నుంచి నిప్పురవ్వ పడిందంటారు. అరగంటలో ఆర్పేశారు. నష్టం 50 వేల డాలర్లు. ఊళ్లోవాళ్లకు అదేం వింత కాదు. మండుతుండగా తీసిన ఫొటో ఒక్కటి కూడా మిగల్లేదు. మర్నాడు మేయర్ కార్ల్ స్టోక్స్ విలేకరులను వెంటబెట్టుకుని నది ఒడ్డుకు నడిచాడు. ఆగస్టులో టైమ్ పత్రిక ఈ నది గురించి రాసి, పక్కన భగభగమండే బొమ్మ ఒకటి వేసింది. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, కాకపోతే అది 1952 నాటి మంట. పెళ్లిచూపులకు అక్క ఫొటో పంపి చెల్లెల్ని కూర్చోబెట్టినట్టు.

ఆ అక్క సంగతీ చెప్పుకోవాలి. 1952లో నష్టం పది లక్షల డాలర్లు దాటింది. అంతకుముందు 1912లో ఐదుగురు చచ్చిపోయారు. వాటికి రాని కీర్తి, ఫొటో అయినా లేని అరగంట మంటకు దక్కింది. 1970లో పర్యావరణ పరిరక్షణ సంస్థ, 1972లో శుద్ధజల చట్టం వచ్చాయంటే ఈ మంట పుణ్యమేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. నది బాగుచేతకు పది కోట్ల డాలర్ల బాండ్లకు క్లీవ్‌లాండ్ ఓటర్లు 1968లోనే, అంటే మంటకు ముందే, సరేనన్నారన్న ముక్క ఈ కథలో ఇమడదు. బుద్ధిగా పన్ను కట్టేవాడి మీద ఎవరు కథ చెబుతారు?

ఊరు మాత్రం తెలివైనది. ఆ పరువు తక్కువ పనిని సీసాలో పోసి బిరడా బిగించింది. స్థానిక కంపెనీ ఒకటి బర్నింగ్ రివర్, అంటే మండే నది, అనే పేరుతో బీరు తయారు చేసింది. 2019లో మంట స్వర్ణోత్సవమూ ఘనంగా చేశారు. ఈ నది చేపలు తినొచ్చని అధికారులు ప్రకటించిందీ ఆ ఏడే. చేపలను సంప్రదించినట్టు లేదు.

ఇంతకీ షికారులో చూసేదేమిటి? పాముమెలికల నది, నిలువునా పైకి లేచే ఇనుప వంతెనలు, ఇనుపరాతి గుట్టలు, తుప్పు రంగు గోడలు. కొలిజన్ బెండ్ అని ఒక మలుపు ఉంది. ఓడలు గుద్దుకునే వంపని దాని అర్థం, పేరు ఊరికే పెట్టలేదు. వెనకటి పరిశ్రమల జ్ఞాపకాలని జనం ఫోన్లు ఎత్తుతారు. చిక్కేమిటంటే, నదికి ఎగువన ఉక్కు మిల్లు ఇంకా నడుస్తోంది. తానొక వారసత్వ కట్టడంలో పనిచేస్తున్నానని షిఫ్టు దిగి క్యారేజీ పట్టుకుని ఇంటికి పోయే కార్మికుడికి తెలియదు.

ఈలోగా ఆ మిల్లుకు ఇనుపరాయి మోసే 600 అడుగుల ఓడ వంపులో మూతి తిప్పుతుంది. షికారు పడవ గోడవారకు ఒదిగి, అది దాటేదాకా ఆగుతుంది.