మావయ్య చూసిన సినిమా

మా మావయ్యకి ఫోన్ చేసి "ఒంట్లో ఎలా ఉంది" అని అడిగితే "బానే ఉందిగానీ, ఆ కొత్త సినిమా చూశావుట్రా?" అంటాడు. దీనికి మూడు జవాబులున్నాయి, మూడూ ప్రమాదమే. చూశానంటే "ఏదీ, నీకేం అర్థమైందో చెప్పు" అని అక్కడికక్కడే పరీక్ష పెడతాడు. చూడలేదంటే టైటిల్స్ దగ్గర్నుంచి మొదలెడతాడు. ఈ ఆదివారం చూద్దామనుకుంటున్నానని తప్పించుకోబోతే, "అయితే ముందు నేను చెప్పేది విను. విని చూస్తే ఇంకా బావుంటుంది" అంటాడు. విన్నాక చూసినవాళ్ళు మా బంధువుల్లో ఎవరూ లేరు. చూడ్డానికి ఏం మిగలదు మరి.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరుండే ఉంటారు. బాబాయో, తోడల్లుడో, ఆఫీసులో పక్క సీటాయనో. మావయ్యది కాకినాడ. పంచాయతీరాజ్ శాఖలో గుమాస్తాగా చేరి, ఈఓపీఆర్డీగా, అంటే పంచాయతీల విస్తరణాధికారిగా, రిటైరయ్యాడు. 2020లో కరోనా వచ్చి హాళ్ళు మూసేదాకా అందరిలాగే హాల్లో సినిమా చూసి, బయటికొచ్చి, స్కూటర్ స్టాండు దగ్గర నాలుగు మాటలని ఊరుకునేవాడు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో నాని 'వి', మరుసటి ఏడాది వెంకటేష్ 'నారప్ప' హాలు సంగతి తర్వాత చూసుకోవచ్చని ముందు తిన్నగా ఇళ్ళకే వచ్చేశాయి. "ఇన్నాళ్ళూ మనం సినిమా దగ్గరికెళ్ళాం. ఇప్పుడది మన గుమ్మంలోకొచ్చింది. ఇంక దాన్నేమన్నా మనిష్టం" అన్నాడు మావయ్య. అన్నట్టుగానే అంటున్నాడు.

హాల్లో లేనిదీ ఇంట్లో ఉన్నదీ ఒకటుంది. రిమోట్‌లో ఆపే బటన్. అది కనిపెట్టినవాడెవరోగానీ మా కుటుంబానికి చాలా ద్రోహం చేశాడు. రెండున్నర గంటల సినిమా మావయ్యింట్లో నాలుగు గంటలకి తక్కువ నడవదు. మాట తోచిందంటే చాలు, టక్కున ఆపేస్తాడు. హీరో కత్తి ఎత్తింది ఎత్తినట్టే ఉంటాడు. విలన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంటుంది. "ఇక్కడ ఏం చేశాడో చూశావా? ఈ కత్తి ఇందాక వంటింట్లో చూపించాడు. అప్పుడే అనుకున్నా" అని మొదలెట్టి, ఆ డైరెక్టరు తీసిన పాత సినిమాల మీదుగా, ఆ హీరోగారి నాన్నగారి సినిమాల్లోకి వెళ్ళి, మధ్యలో మంచినీళ్ళు తాగి, తిరిగొచ్చి బటన్ నొక్కుతాడు. అప్పటికి ఆ కత్తి ఎవరి మీద ఎత్తాడో మేం మర్చిపోయుంటాం. మళ్ళీ పది నిమిషాలు వెనక్కి జరపాలి.

తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఫస్టాఫ్ పర్లేదు. సెకండాఫ్ సాగదీశాడు." ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్‌కైనా ఇదే. దానికి సెకండాఫ్ ఎక్కడుంది మావయ్యా అంటే, "నాలుగు దాటాక అంతా సెకండాఫే" అంటాడు. మొన్న మా పిన్ని కూతురి పెళ్ళికొచ్చి, తాళి కట్టేదాకా బావుందనీ భోజనాల దగ్గర ల్యాగ్ వచ్చిందనీ వియ్యంకుడి మొహం మీదే చెప్పాడు. పెళ్ళికొడుకు గురించి ఏమన్నాడో ఇక్కడ రాయను. కాపురం చేసుకోవాల్సినవాళ్ళు.

సాగదీశాడని అనడానికి కళ్ళు తెరిచుండాలిగా అని మీకు అనుమానం రావచ్చు. అది మాకూ వచ్చింది. పడక్కుర్చీలో వాలిన ఇరవై నిమిషాలకి మావయ్య తల ఓ పక్కకి ఒరుగుతుంది. టీవీ కట్టేస్తే ఠక్కున లేస్తాడు. "ఎందుకు కట్టావ్? కళ్ళు మూసుకుని డైలాగులు వింటున్నా." ఓ కొరియన్ సిరీస్ గురించి ముప్పావుగంట మాట్లాడి, ప్రపంచంలో ఇంతకంటే గొప్పది రాదని తేల్చిన రోజే నేను నా ఖాతా తెరిచి చూశాను (అప్పట్లో ఆయన చూసేది నా ఖాతాలోనే). సగంలో ఆపినవన్నీ వరసగా, ఒక్కోదాని కింద ఎర్ర గీతతో కనబడుతున్నాయి. ఆ గొప్ప సిరీస్‌కి గీత మొదటి ఎపిసోడ్‌లోనే, బొటనవేలంతైనా లేదు. అడిగితే ఏమాత్రం తడబడలేదు. "మెతుకు పట్టుకుంటే తెలీదుట్రా?" అన్నాడు.

నిజంగా పూర్తిగా చూసినవి లేకపోలేదు. వాటిలో మొదటిది 'పంచాయత్'. ఉత్తరప్రదేశ్‌లో ఫులేరా అనే పల్లెకి పంచాయతీ సెక్రటరీగా వచ్చిన పట్నం కుర్రాడి కథ. మనందరం నవ్వుకుంటూ చూశాం. మావయ్య ఎర్రసిరా పెన్ను పట్టుకుని కూర్చున్నట్టు చూశాడు. కుర్రాడు పంచాయతీ ఆఫీసులోనే కాపురం పెట్టాడు కదా, దానికి పర్మిషన్ ఎవరిచ్చారు? ఓ ఎపిసోడ్‌లో చక్రాలున్న ఆఫీసు కుర్చీ తెచ్చుకుంటాడు. అది సొంత డబ్బా, పంచాయతీ నిధులా? స్టాకు రిజిస్టరులో ఎక్కించాడా? ఊళ్ళో ప్రధాన్‌గా గెలిచింది భార్య, పెత్తనం చేసేది భర్త. ఇక్కడ మాత్రం ఆపి, చాలాసేపు నవ్వాడు. "ఇదొక్కటీ ఆడిట్ అభ్యంతరం లేకుండా తీశాడ్రా" అన్నాడు. ఆయన సర్వీసంతా అలాంటి ప్రెసిడెంటుగారి భర్తల ఎదురుగానే గడిచింది. ఆ రోజు ఆయన చెప్పిన కథలు ఆ సిరీస్ కంటే బావున్నాయి, ఒప్పుకోవాలి. దాని తెలుగు రూపం 'సివరపల్లి' 2025 జనవరిలో వచ్చినప్పుడు నేనే ఫోన్ చేశాను, పొరపాటున కాదు, ఆశపడి. ఆయన పెదవి విరిచాడు. "అది తెలంగాణ ఊరురా. వాళ్ళది 2018 చట్టం, మనది 1994 చట్టం. రెంటికీ చాలా తేడా ఉంది. నేను దాని మీద మాట్లాడకూడదు" అన్నాడు. ఆయన మాట్లాడనన్నది నాకు తెలిసి ఆ ఒక్కదాని మీదే.

రెండోది 'దృశ్యం'. మోహన్‌లాల్‌ది మలయాళంలో 2013లో వచ్చింది. మన వెంకటేష్ సినిమా 2014లో. మావయ్య ముందు తెలుగుది చూశాడు. తర్వాత మలయాళం చూశాడు, తర్వాత అజయ్ దేవగణ్‌ది, కమల్ హాసన్‌ది. ప్రతిదాంట్లోనూ అసలు రహస్యం ఎక్కడుందో ఇంటర్వెల్‌కే కనిపెట్టేశాడు. "నేను ముందే చెప్పానా లేదా?" అని అత్తయ్య వైపు తిరిగితే, "మీరు ముందే చూశారు" అంది అత్తయ్య, చిక్కుడుకాయ ఈనె తీస్తూ. ఆ రహస్యం ఏమిటో నేనిక్కడ చెప్పను. నేను మావయ్యని కాను.

అత్తయ్య గురించి చెప్పకపోతే అన్యాయం. ఆవిడ సినిమా మీద అనేది ఒకటే మాట, "బానే ఉంది." కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో, రెండో సీన్లో గాజులమ్మే మనిషి చివర్లో ఎందుకొచ్చిందో ఆవిడకే తెలుస్తుంది. మావయ్య కునుకు తీసి లేచాక ఆవిడనే గుట్టుగా అడుగుతాడు: "ఈ గడ్డమాయన ఎవరే?" ఆవిడ చెబుతుంది. మర్నాడు ఆ ముక్క ఫోన్లో నాకు వస్తుంది, "ఒకటి గమనించావుట్రా" అన్న ముందుమాటతో.

అత్తయ్య కార్తీకదీపం సీరియల్ మనిషి. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా, పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు, వంటలక్క కన్నీళ్ళలో ఆవిడ వాటా ఆవిడ కార్చింది. ఏడున్నర అయ్యేసరికి మావయ్య లేచి పేపరు తీసుకుని వరండాలోకి పోయేవాడు. "సీరియళ్ళు! మనవాళ్ళకి చేతకాదే. మలయాళంవాళ్ళని చూసి నేర్చుకోవాలి. ఎంత సహజంగా తీస్తారు! ఓ ఇల్లు, ఓ చెరువు, నలుగురు మనుషులు, అంతే" అని గుమ్మంలో నిలబడి ఉపన్యాసం చెప్పి మరీ వెళ్ళేవాడు. వరండా కిటికీ టీవీకి ఎదురుగానే ఉంటుందన్న సంగతి వేరు. డాక్టర్ బాబు భార్యని అనుమానించినన్నాళ్ళూ ఆ కిటికీలోంచి "ఛీ, చదువుకున్నవాడేనా వీడు" అని వినబడేది. ఓ రోజు అత్తయ్య తీరిగ్గా, మజ్జిగ పోస్తూ, "ఏవండీ, ఈ కార్తీకదీపం కూడా మలయాళందేనట. అక్కడ దీని పేరు కరుత్తముత్తు. వంటలక్కగా చేసిన ప్రేమి విశ్వనాథ్ అక్కడా చేసిందట" అంది.

మా మావయ్య మాటకి మాట చెప్పలేకపోవడం నేను చూడ్డం అదే మొదలు. అన్నంలో చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాడు. తర్వాత, "అక్కడైతే ఫస్టాఫ్ బావుండి ఉంటుంది" అన్నాడు.

ఇంత విసుక్కుంటున్నాను కదా, అసలీ జబ్బుకి బీజం పడింది మాత్రం 1987లో. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న రామానంద్ సాగర్ రామాయణం వచ్చే రోజులు. అప్పుడు మావయ్య పిఠాపురంలో ఉండేవాడు. వాళ్ళ వీధి మొత్తానికి ఆయనదొక్కటే టీవీ. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళది, పక్కకి జరిపే చెక్క తలుపులు ఉండేవి. తొమ్మిదయ్యేసరికి ఇంటినిండా జనం. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్ళు కొందరు. టీవీకి అగరొత్తులు వెలిగించి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. కానీ రాముడు మాట్లాడేది హిందీ. అక్కడున్న నలభై మందిలో హిందీ వచ్చింది మావయ్యకొక్కడికే. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ళ 'రాష్ట్రభాష' పరీక్ష పాసయ్యాడు, సర్టిఫికెట్ గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. టీవీ పక్కనే స్టూలు మీద కూర్చుని, ఒక్కో మాటా తెలుగులో చెప్పేవాడు. కైకేయి రెండు ముక్కలంటే మావయ్య దగ్గర ఆరు ముక్కలయ్యేవి. దశరథుడు ఏడిస్తే ఎందుకేడ్చాడో, ఏడవకుండా ఉండాలంటే ఏం చేసుండాల్సిందో కూడా చెప్పేవాడు. ముసలమ్మలు టీవీని వదిలేసి మావయ్య మొహం చూసేవాళ్ళు. చాపమీద ముందు వరసలో కూర్చుని నేనూ చూసేవాణ్ణి. సీతమ్మని ఎత్తుకుపోయిన ఆదివారం ఆయన గొంతు పూడుకుపోయింది. ఆ వీధి వీధంతా ఏడ్చింది ఆయన తెలుగుకే.

అలాంటి మనిషికి ఇప్పుడు కింద అక్షరాలు వేసి చూపిస్తే ఒళ్ళు మండదూ? సబ్‌టైటిల్స్ అంటే మావయ్యకి పగ. "మొహాలు చూస్తే అక్షరాలు పోతాయి, అక్షరాలు చూస్తే మొహాలు పోతాయి. చదూకోడానికైతే లైబ్రరీకే పోదునుగా" అంటాడు. తెలుగు ఆడియో పెడితే అదీ తప్పే, పెదాలు కలవడం లేదంటాడు. ఆర్ఆర్ఆర్ ఓటీటీకి వచ్చినప్పుడు ఒక యాప్‌లో హిందీ, తెలుగు వేరే యాప్‌లో పెట్టారు. మావయ్య ఏరి కోరి హిందీది పెట్టుకున్నాడు. అత్తయ్యకి పక్కన కూర్చుని మొత్తం తెలుగులో చెప్పాడు. ఆవిడ అది హాల్లో తెలుగులోనే చూసొచ్చింది. ఆ మాట పైకనలేదు. అడిగితే మాత్రం, "బానే ఉంది" అంది.

2023 జూలైలో ఒక పెద్ద ఓటీటీ సంస్థ, పేరెందుకు లెండి, ఒక ఖాతా ఒకే ఇంటివాళ్ళు వాడుకోవాలని మన దేశంలోనూ కట్టడి పెట్టింది. నేనుండేది హైదరాబాద్, ఆయనుండేది కాకినాడ. ఓ రాత్రి టీవీ తెర మీద ఇది మీ ఇల్లు కాదన్న అర్థంలో ఓ నోటీసు వచ్చింది. ఆయనకి ప్రాణం చివుక్కుమంది. "మేనల్లుడి ఇల్లు మనిల్లు కాదుట్రా? కుటుంబం అంటే ఏంటో వాళ్ళకి ఎవరైనా చెప్పారా?" అని, తెల్ల కాగితం తీసుకుని, మార్జిను మడిచి, 'విషయము', 'సూచిక' రాసి, అర్జీ తయారుచేశాడు. సూచిక కింద మా అమ్మమ్మ పేరు రాశాడు. దాన్ని ఏ అడ్రసుకి పంపాలో తెలీక నాకు వాట్సాప్‌లో పంపాడు. సరైన మార్గం ద్వారా పైకి పంపించమని కింద రాసి ఉంది. నేను ఏం చెయ్యను? ఆయన పేరున ఇంకో ఖాతా తెరిచాను. డబ్బు కట్టేది నేనే. తిట్లు తినేదీ నేనే, "సెకండాఫ్ సాగదీసిన సినిమాలన్నీ ఏరి ఏరి ఇందులోనే పెట్టాడేంట్రా మీవాడు" అని. మీవాడు అంటే ఆ ఓటీటీ యజమాని.

కాబట్టి కాకినాడ వెళ్ళేవాళ్ళకి ఓ మనవి. ఆ పక్కకెళితే కాజాలు తినండి, బీచి చూడండి, పడక్కుర్చీలో రిమోట్ పట్టుకుని ఉన్న పెద్దాయన కనబడితే నమస్కారం పెట్టండి. ఆయన ఎదురుగా మాత్రం మీకు నచ్చిన సినిమా పేరెత్తకండి. 'దృశ్యం' ఇంకా చూడనివాళ్ళయితే అసలు ఆ వీధిలోకే వెళ్ళకండి.